మొయినాబాద్‌లో గీసిన సముద్రపు దారి

కుర్చీ ఇటు లాక్కుని కూర్చోండి. టీ గ్లాసు మాత్రం చేతిలోనే ఉంచుకోండి, బల్ల మీద చార్టు పరిచి ఉంది. చుట్టగా వచ్చిన కాగితం కదా, చెయ్యి తీస్తే మళ్ళీ చుట్టుకుపోతోంది. అందుకే నాలుగు మూలలా టమాటాలు బరువు పెట్టాం, పొద్దున చేవెళ్ళ మార్కెట్లో కొన్నవి. బయట బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల కింద నుంచి పూల బండ్లు గుడిమల్కాపూర్ వైపు పోతున్నాయి. ఇక్కడి నుంచి ఎటు చూసినా సముద్రం కొన్ని వందల కిలోమీటర్ల దూరం. అయినా ఈ రాత్రి మొయినాబాద్‌లోని ఈ బల్ల మీద మేం చేస్తున్న పని విశాఖపట్నం నుంచి కాకినాడకు సముద్రం మీద దారి గీయడం.

మా బావమరిది విశాఖలో 28 అడుగుల ఫైబర్ బోటు ఒకటి కొన్నాడు. డీజిల్ ఇంజను, చిన్న క్యాబిను. దాన్ని కాకినాడ చేర్చాలి. లారీ మీద వేసుకుపోవచ్చు. కానీ బోటును కొన్నవాడు దాన్ని నీళ్ళ మీద తెలుసుకోవాలంటాడు మా మామ. ముప్ఫై ఏళ్ళు కాకినాడలో మరబోటు నడిపిన మనిషి. మోకాళ్ళు సహకరించక ఇప్పుడు కూతురి దగ్గర, అంటే మా ఇంట్లో ఉంటున్నాడు. బోటులో వెళ్ళేది బావమరిది, ఒక కళాసీ, నేను. నేను చేవెళ్ళ నేల మీద పుట్టినవాణ్ణి, నాకు తెలిసిన పెద్ద నీళ్ళు గండిపేట, హిమాయత్‌సాగర్. అందుకే మామ నన్ను ముందు అక్కడి నుంచి మొదలుపెట్టించాడు.

పొద్దున్నే ఇద్దరం హిమాయత్‌సాగర్ కట్ట మీదికి వెళ్ళాం. గాలి లేదు, నీళ్ళు పలకలా ఉన్నాయి. "ఇది నిండితే ఎంతంటారండీ?" అని అడిగాడు. చిన్నప్పటి నుంచి విన్న లెక్కే కాబట్టి చెప్పాను: 1763.5 అడుగులు. గండిపేట 1790. "ఎక్కణ్ణుంచి కొలిచిన అడుగులండి అయ్యి?" ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. సముద్ర మట్టం నుంచి! 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఈ రెండు చెరువులనూ మనం సముద్రంతోనే కొలుస్తున్నాం. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వందేళ్ళుగా పేపర్లో ఆ అంకెలు చదువుతూ, వాటి అడుగున సముద్రం ఉందని ఒక్కనాడూ అనుకోలేదు.

"చార్టులో లెక్క ఇంకోలా ఉంటదండి" అన్నాడు మామ. ఇప్పుడు మీ ముందున్న కాగితం చూడండి. ఆ చిన్న చిన్న అంకెలన్నీ మీటర్లలో లోతులు. సగటు మట్టం నుంచి కాదు, ఆటు, మామ మాటలో పాటు, బాగా లాగేసినప్పుడు నీళ్ళు ఎంత కిందికి దిగుతాయో అక్కడి నుంచి కొలిచినవి. అంటే దాదాపు ఎప్పుడు వెళ్ళినా చార్టు చెప్పినదాని కంటే కాస్త ఎక్కువ నీళ్ళే ఉంటాయి. చార్టు వేసినవాళ్ళు నావికుడి పక్షాన నిలబడి కొలిచారన్నమాట. దేశంలో ఈ చార్టులు తయారుచేసే జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం ఉన్నది కూడా కొండల పక్కన, డెహ్రాడూన్‌లో.

ఇక పెన్సిలు తీసుకోండి. పైన కుడివైపు యారాడ కొండ, అదే డాల్ఫిన్ నోస్. కింద ఎడమవైపు కాకినాడ. మధ్యలో తీరం నైరుతి దిక్కుగా ఒరిగి దిగుతోంది. దూరం కొలిచేటప్పుడు డివైడరును చార్టు అడుగున ఉన్న గీతల మీద పెట్టకండి. పక్కన నిలువుగా ఉన్న అక్షాంశాల గీతల మీద పెట్టండి. అక్షాంశంలో ఒక్క నిమిషం ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. నేను మొదట అడుగు గీతల మీద పెట్టి కొలిచాను. మామ ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుని పక్కకు జరిపాడు.

హార్బరు లోంచి బయటపడటానికి రెండు మైళ్ళు. అక్కణ్ణుంచి పూడిమడక ఎదుటికి 22. పూడిమడక నుంచి పెంటకోట 25. పెంటకోట నుంచి ఉప్పాడ 21. ఉప్పాడ నుంచి కాకినాడ రేవులోకి 10. మొత్తం 80 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 148 కిలోమీటర్లు. బోటు నింపాదిగా పది నాట్ల వేగంతో, అంటే గంటకు పది నాటికల్ మైళ్ళు, పోతుంది. ఎనిమిది గంటలు అని నేను కాగితం మీద రాశాను.

మామ ఆ ఎనిమిదిని కొట్టేశాడు. "నీరు ఎటు నడుత్తందో అడగలేదు కదండీ మీరు."

సముద్రంలో నీరు నడుస్తుందని చదవడం వేరు, ఆ నడక మన డీజిల్ తాగుతుందని తెలియడం వేరు. మన తూర్పు తీరం వెంట ప్రవాహం ఏడాదిలో రెండు దిక్కులకు తిరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి. ఇప్పుడు ఫిబ్రవరి చివరి వారం, మనం పోయేది నైరుతికి. అంటే నీరు ఎదురు. మార్చి, ఏప్రిల్ నెలల్లో నడి సముద్రం వైపు దాని వేగం రెండు నాట్ల దాకా పోతుంది, తీరం దగ్గర కొంచెం తక్కువ. మనం ఒక నాటు తీసేశాం. మిగిలింది తొమ్మిది నాట్లు, దాదాపు తొమ్మిది గంటలు. అలాగైతే నీరు అనుకూలంగా ఉండే నవంబరులోనే పోవచ్చు కదా అని అడిగాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది. 1996 నవంబరు 6న కాకినాడ దగ్గర తీరం దాటిన తుపాను ఈ ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవని విషయం. కోనసీమలో కొబ్బరి తోటలు నేలకొరిగాయి, వేటకు వెళ్ళిన వందల మంది తిరిగి రాలేదు. మామ ఆ రోజు ఇంజను పాడై ఒడ్డున ఉండిపోయాడు. ఆయన పక్క బోటు వెళ్ళింది. అప్పటికి నా భార్యకు తొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మతో పాటు ఉప్పుటేరు గట్టు మీద నిలబడి, ఎవరి బోటు వస్తుందోనని చూసిన మిగతా ఆడవాళ్ళ ముఖాలు తనకు ఇంకా గుర్తున్నాయంటుంది. 1839 నవంబరులో కోరంగి రేవును ముంచిందీ, 1977 నవంబరులో దివిసీమను ఊడ్చిందీ, 2014 అక్టోబరులో హుద్‌హుద్ పేరుతో విశాఖ మీద పడిందీ ఆ రెండు నెలల్లోనే. ఒక నాటు ఎదురు నీటికి భయపడి తుపాన్ల నెలలోకి పోకూడదు. ఎదురు నీటికి డీజిల్‌తో జవాబు చెప్పొచ్చు.

ఆ డీజిల్ లెక్క చూద్దాం. ఈ ఇంజను గంటకు 14 లీటర్లు తాగుతుందని బావమరిది ఫోన్లో చెప్పాడు. తొమ్మిది గంటలకు 126. దానికి సగం కలిపితే 189. ట్యాంకులో 160 పడుతుంది, ఇరవై లీటర్ల క్యాన్లు రెండు. మొత్తం రెండు వందలు. మామ సూత్రం ఇంకా గట్టిది: "ఎల్లటానికి ఓ వంతండి, తిరిగి రాటానికి ఓ వంతండి, ఇంకో వంతు సముద్రానిదండి." ఒకవైపు ప్రయాణం కదా అంటే ఆయన పెంటకోట దాటాక ఉన్న గీత మీద వేలు పెట్టాడు. అక్కడిదాకా వచ్చాక కాకినాడ మూసుకుపోతే? అందుకని రెండు వందలకు ఇంకో రెండు క్యాన్లు కలిపాం.

ఫోను బల్ల మధ్యలో పెట్టాం, స్పీకరు ఆన్‌లో. విశాఖ ఫిషింగ్ హార్బరులో కాకుల అరుపులు, ఐసు కొట్టే చప్పుడు మన మొయినాబాద్ హాల్లోకి వస్తున్నాయి. "బావగారూ, డీజిల్ ఫిల్టరు మార్చేశానండి" అంటున్నాడు. "స్పేరు?" అని అడిగాడు మామ. ఒకటి ఉందట. రెండు కొనమన్నాడు. ఎందుకో వినండి, ఇది కాగితాల్లో దొరికే మాట కాదు. హార్బరులో కట్టేసి ఉన్నంతకాలం ట్యాంకు అడుగున మడ్డి కదలకుండా పడి ఉంటుంది. కెరటం ఎత్తెత్తి కొట్టిన రోజు ఆ మడ్డంతా లేచి ఫిల్టరులోకి పోతుంది. ఇంజను నడి కెరటాల్లో ఆగేది అందుకే. అందువల్ల ట్యాంకు అడుగు కడిగించాలి. రెండు ఫిల్టర్లు, నీటిపంపు ఇంపెల్లరు, ఫ్యాను బెల్టు, గొట్టాల క్లిప్పులు, పనిముట్ల పెట్టె. ముగ్గురికి లైఫ్ జాకెట్లు సంచిలో దాచకుండా ఒంటి మీద. వీహెచ్ఎఫ్ సెట్టు, ఎప్పుడూ 16వ చానెల్ మీద. మంచినీళ్ళు ఇరవై లీటర్లు.

ఒడ్డుకు ఎంత దూరంలో పోవాలి? ఇక్కడ నేనూ మామా కాస్త వాదించుకున్నాం. నాకు ఒడ్డు కనబడుతుంటే ధైర్యం. రెండు మైళ్ళలో పోదాం మామా అన్నాను. ఆయన నాలుగు మైళ్ళు అంటాడు. ఇంజను ఆగిందనుకోండి. మధ్యాహ్నం గాలి బోటును గంటకు ఒక మైలు చొప్పున ఒడ్డు వైపు తోస్తుంది. రెండు మైళ్ళ దూరంలో ఉంటే ఫిల్టరు మార్చుకోవడానికి రెండు గంటలు, నాలుగు మైళ్ళలో ఉంటే నాలుగు గంటలు. ఒడ్డు దగ్గర కెరటం విరిగే చోటికి చేరాక ఎవరూ ఏమీ చేయలేరు. చార్టులో ఇరవై మీటర్ల లోతు గీత దగ్గర లంగరు నిలబడాలంటే లోతుకు ఐదు రెట్లు మోకు వదలాలి, అంటే వంద మీటర్లు. బోటులో ఉన్నది నలభై. చూశారా, ఒక్క ప్రశ్న నుంచి అరవై మీటర్ల మోకు కొనాల్సిన పని బయటపడింది. గీత గీయడమంటే నిజానికి ఇదే.

పెన్సిలు గీత నాలుగు మైళ్ళ దూరానికి జరిపాం. యారాడ కొండ దాటగానే పెద్ద ఓడల దారి, వెంటనే గంగవరం పోర్టు. ఓడలకు మనం కనబడమనే అనుకుని అడ్డు తప్పుకోవాలి. నౌకాదళం విన్యాసాల హెచ్చరికలు బయల్దేరే ముందురోజు చూడాలి, తీర భద్రతా పోలీసులకు పేర్లు ఇవ్వాలి. పూడిమడక ముందు వలలు. తెల్లారుజామున వేసిన వలల తేలుడు బుడ్లు నీటి మీది ఎండ మెరుపులో కనబడవు, పంకాకు చుట్టుకుంటే దిగి కోయాల్సిందే. వల తెగితే ఒక కుటుంబం తిండి తెగినట్టని మామ నా చేత విడిగా రాయించాడు: వల కనిపిస్తే చుట్టూ తిరిగి పోవాలి, ఎంత ఆలస్యమైనా. ఈ నెలల్లో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఉప్పాడ, హోప్ ఐలాండ్ దగ్గర పైకి తేలి ఊపిరి పీలుస్తుంటాయి. అక్కడ వేగం తగ్గించాలి.

ఉప్పాడ దగ్గర మామ పెన్సిలు ఆగిపోయింది. ఈ చార్టులో గీసిన ఒడ్డు ఇప్పుడు అక్కడ లేదు. ఊరిని సముద్రం ఏళ్ళ తరబడి కోసుకుంటూ వచ్చింది, రోడ్డునూ ఇళ్ళనూ తీసుకుపోయింది. మామ చిన్నప్పుడు వలలు ఆరేసిన చోటు ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. దాని పక్కనే, కాకినాడ ముందు, దీనికి పూర్తిగా తిరగేసిన కథ. గోదావరి మోసుకొచ్చిన ఇసుక రెండు శతాబ్దాల్లో పదహారు కిలోమీటర్ల దిబ్బగా పెరిగి హోప్ ఐలాండ్ అయింది. అది కాకినాడకు అడ్డుగోడ, దాని వెనక నీళ్ళు ప్రశాంతం. కానీ అదే ఇసుక, అదే బురద లోపలి లోతును తినేస్తోంది. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే సరుకు బార్జీల మీద అటూ ఇటూ పోతుంది. అందుకే ఆఖరి పది మైళ్ళకే పోటు లెక్క అవసరం.

ఈ తీరంలో పున్నమి, అమావాస్యల నాటి పోటు, పాటుల మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు. ఆ రోజుల్లో పొద్దున తొమ్మిది ప్రాంతంలో పోటు, మధ్యాహ్నం మూడుకు పాటు. మనం మూడు గంటలకే చేరతాం. అంటే నీళ్ళు బాగా తక్కువ ఉన్నప్పుడు, ఎదురు గాలిలో, బురద మీదికి. పోటు రోజూ ముప్పావు గంటకు పైగా వెనక్కి జరుగుతుంది. వారం ఆగితే అదే మధ్యాహ్నం మూడుకు పోటు వస్తుంది. నేను టైడ్ టేబుల్ తిరగేస్తుంటే మామ క్యాలెండరు వైపు చూశాడు. "బహుళ అష్టమి" అన్నాడు. రెండూ ఒకే రోజు చూపించాయి, శనివారం. అష్టమి పోటుకు ఎత్తు తక్కువ, కానీ పాటు కూడా అంత కిందికి దిగదు. ఇంకో సంగతి, బహుళ అష్టమి చంద్రుడు తెల్లారుజామున నడినెత్తిన ఉంటాడు. హార్బరులోంచి బయటికి వచ్చేటప్పుడు మోకులూ బోయాలూ కనబడతాయి.

గాలి సంగతి. తెల్లవారుజామున ఒడ్డు నుంచి సముద్రం మీదికి చల్లగా వీస్తుంది, నీళ్ళు నునుపుగా ఉంటాయి. పదకొండు దాటాక సముద్రపు గాలి లేస్తుంది, దక్షిణం నుంచీ ఆగ్నేయం నుంచీ, మన ముఖం మీదికే. కాబట్టి ఎంత పెందలాడే పోతే అంత మంచిది. ఐదున్నరకు జెట్టీ వదలాలి, ఆరుకు హార్బరు బయట ఉండాలి. ఎనిమిదిన్నరకు పూడిమడక, పదకొండుంపావుకు పెంటకోట, ఒకటిన్నర దాటాక ఉప్పాడ, మూడుకు కాకినాడ. చీకటి పడటానికి ఇంకా మూడు గంటలుండగా.

ఈ ప్రణాళికలో అన్నిటికంటే విలువైన గీత పూడిమడక ఎదుట ఎర్ర పెన్సిలుతో గీసినది. తొమ్మిదిన్నరకు అక్కడికి చేరకపోయినా, చేరేసరికే కెరటాల మీద తెల్ల నురగ కనబడినా వెనక్కి తిరగాలి. అక్కడి నుంచి విశాఖ రెండున్నర గంటలు, అప్పుడు గాలి, నీరు రెండూ వెనక నుంచి తోస్తాయి. ఆ తర్వాత తిరగాలంటే మధ్యలో ఆశ్రయం అనదగ్గది లేదు. పెంటకోట దగ్గర తాండవ నది సముద్రంలో కలిసే మొగ ఉంది. అక్కడ దూరితే పోలేదా అని అడిగాను. పోటు లోపలికి పోతున్నప్పుడు తెలిసినవాడు పోగలడు. పాటు బయటికి లాగుతూ సముద్రం నుంచి కెరటం ఎదురొస్తుంటే మొగ నోట్లో నీళ్ళు నిలువుగా లేచి విరుగుతాయి. సముద్రాన్ని దాటుకొచ్చిన బోట్లు మొగల దగ్గర తిరగబడటం మామ కళ్ళారా చూశాడు. చార్టు మీద ఆ మొగను ఆయన అడ్డంగా కొట్టేశాడు.

ఇప్పుడు నా ఫోను చూడండి. మన ప్రగతినగర్‌లో, సముద్రం వాసన కూడా లేని చోట, ఇన్‌కాయిస్ ఉంది. 1999లో మొదలైన ఈ సంస్థ దేశం మొత్తానికి సముద్ర స్థితి చెబుతుంది, 2007 నుంచి సునామీ హెచ్చరికలూ అక్కణ్ణుంచే. 2021లో చిన్న పడవల కోసం ప్రత్యేక సూచనలు మొదలుపెట్టింది. ఏడు మీటర్ల వెడల్పు లోపున్న పడవ ఎక్కడ తిరగబడే ప్రమాదం ఉందో పది రోజుల ముందు నుంచి చూపిస్తుంది. కెరటం ఎత్తే కాదు, దాని నిటారుతనం, ఏ దిక్కుల నుంచి కలగలిసి వస్తోంది, గాలి ఎంత త్వరగా పెరుగుతోంది అన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. కెరటం నిటారుగా ఉంటే ఎత్తు తక్కువైనా చిన్న బోటును పక్కకు పడేస్తుంది.

మేం మొదట అనుకున్నది గురువారం. ఆ రోజు మధ్యాహ్నం కెరటం 1.4 మీటర్లని చూపిస్తోంది. అంతేనా అన్నాను. కానీ ఆ అంకె అన్ని కెరటాల ఎత్తు కాదు, అన్నిట్లో పెద్దవైన మూడో వంతు కెరటాల సగటు. వాటి మధ్య ఒక్కోటి దానికి రెట్టింపు దాకా లేవొచ్చు. 28 అడుగుల బోటు ముందు రెండున్నర మీటర్లు దాటిన నీళ్ళ గోడ, అదీ మూతి మీదికి. శనివారానికి 0.8 చూపిస్తోంది. తిథి చెప్పినదీ, ఇన్‌కాయిస్ చెప్పినదీ ఒకటే అయింది. గురువారాన్ని కొట్టేశాం. బావమరిది అటు నుంచి నిట్టూర్చాడు, సెలవులు మార్చుకోవాలి మరి. "బోటు ఎక్కడికీ పోదురా" అన్నాడు తండ్రి.

పదిన్నర అయింది. మా ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. అంతసేపూ మా మాటలన్నీ వింటూనే ఉంది. "ఇదంతా బోటులో ఉంటది. మరి నాకేది?" అని అడిగింది. ఆ మాటకు మామ తల దించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు వేటకు వెళ్ళినా ఒక్కసారి కూడా ఇంట్లో కాగితం పెట్టి వెళ్ళలేదాయన. ఎటు పోతున్నదీ, ఎప్పటికి వస్తున్నదీ ఆడవాళ్ళకు చెప్పే అలవాటు లేదు. అందుకే వాళ్ళు గట్టు మీద నిలబడేవాళ్ళు.

తెల్ల కాగితం తీసి ఆయనే రాయించాడు, ఆమే రాసింది. బోటు రంగు, పొడవు, నంబరు. ముగ్గురి పేర్లు. జెట్టీ వదిలే సమయం. పూడిమడక, పెంటకోట, ఉప్పాడ ఎదుట ఫోన్ చేయాల్సిన గంటలు. ఒక ఫోన్ తప్పితే సిగ్నల్ లేదనుకోవాలి. వరసగా రెండు తప్పితే కాకినాడలో మామ పాత జట్టు వాళ్ళకు చెప్పాలి. సాయంత్రం ఐదుకు కూడా కబురు లేకపోతే కోస్ట్ గార్డ్ 1554కు ఫోన్ చేసి ఈ కాగితం చదవాలి. భయపడటం, ఇంకో అరగంట చూద్దామనడం వద్దు, ఐదంటే ఐదే.

మీ ఇంట్లోంచి ఎవరైనా నీళ్ళ మీదికి వెళ్తుంటే, వేటకైనా సరదాకైనా, ఇలాంటి కాగితం ఒకటి అడిగి తీసుకోండి. ఇవ్వనంటే కదలనివ్వకండి. మాది మొయినాబాద్‌లో మా ఫ్రిజ్ తలుపు మీద, పాల లెక్క పక్కన అంటించి ఉంది. శనివారం పొద్దున ఐదున్నర నుంచి నా భార్య దాని ముందు కూర్చుంటుంది.